రెండు వందల పద్నాలుగో నంబరు ఊపిరి

ప్వేబ్లా పట్నం నుంచి లోయలోకి పోయే బస్సు మూడో మలుపు దగ్గర ఆవిరి కక్కుతూ ఆగింది. డ్రైవరు దిగి, ఇంజను మూత మీద తడిగుడ్డ పరిచి, తన వంతు పని అయిపోయినట్టు గట్టు మీద కూర్చుని నారింజ ఒలుచుకోసాగాడు. ఎవరూ గొణగలేదు. ఆ దారిన రోజూ తిరిగేవాళ్ళకు ఆ మలుపు దగ్గర పావుగంట ఆగడం ప్రయాణంలో భాగమే. ఎదురుగా, అందరూ దోన్ గోయో అని పెద్దమనిషిని పిలిచినట్టు పిలిచే అగ్నిపర్వతం కూడా తన ఆవిరి తాను వదులుకుంటోంది. రెండేళ్ళుగా దానికీ అదే పని.

ఒతీలియా క్వౌట్లే కిటికీ పక్క సీట్లో, ఒళ్ళో తోలుపెట్టె పెట్టుకుని కూర్చుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి, గట్టి. గొంతు మాత్రం సంతలో కూరలమ్మేవాళ్ళ గొంతు. బస్సు ఆగిందని చూసి మొక్కజొన్న చేల దారిలోంచి ఒక ముసలాయన వచ్చి మెట్లెక్కాడు. మూడే మెట్లు. మొదటి మెట్టు మీద ఆగి నాలుగుసార్లు గాలి పీల్చాడు. రెండో మెట్టు మీద ఆరుసార్లు. మూడో మెట్టు మీద కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒతీలియా లెక్కపెట్టాలని లెక్కపెట్టలేదు. పాలు పొంగే చప్పుడు పక్కగదిలో ఉన్నవాళ్ళకు తెలిసిపోయినట్టు, ఊపిరి చప్పుడు ఆవిడ చెవికి తానుగా తెలిసిపోతుంది.

ముసలాయన ఆవిడ పక్కన కూలబడ్డాడు. కాస్త తేరుకున్నాక పెట్టెవైపు చూశాడు.

"ఏముందమ్మా అందులో, పందెం పుంజా?"

"ఊపిరి కొలిచే యంత్రం."

"అయితే ఇటు తిప్పకు. నా దగ్గర కొలవడానికేం మిగల్లేదు, నీ శ్రమ దండగ."

"ఎక్కడ పారేసుకున్నారేంటి?"

"శాన్ తాదెయో మిల్లులో. ఇరవై ఏడేళ్ళు దూది ఏకే గదిలో ఉన్నా. రెండు వందల పద్నాలుగు అంటే నేనే."

ఒతీలియా ఆయనవైపు తిరిగి చూసింది. రెండు వందల పద్నాలుగు ఆవిడకు బాగా గుర్తు. జనవరిలో మిల్లు ఆవరణలో బల్ల వేసుకుని నూట ఎనభై మంది చేత ఊదించింది. అందరిలోకీ గట్టిగా ఊదింది ఆ నంబరే. నాలుగు లీటర్ల ఆరు వందలు. ముల్లు అంచుదాకా పోతే ఆవిడే చప్పట్లు కొట్టి, "నీ పుట్టినరోజుకి కేకు కొవ్వొత్తులు రెండిళ్ళ అవతల పెట్టుకో బాబూ" అంది. కాగితం మీద అంకె వేసి, కింద సంతకం చేసింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ చేయని పని ఇప్పుడు బస్సులో చేసింది. పేరడిగింది.

"మీ పేరేంటి?"

"ఎపిఫానియో తేయేస్."

"దోన్ ఎపిఫానియో, జనవరిలో నా ముందు కూర్చుని ఊదింది మీరేనా?"

ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు చాలాసేపు నడిచింది. "కొవ్వొత్తి ఆర్పాలంటే మా ఆవిణ్ణి పిలుస్తాను నేను. మిల్లు వదిలి మూడేళ్ళయింది. ఊదింది మావాడు, గౌదెన్సియో. నంబరు వాడికిచ్చేశాగా."

ఆ వాడుక లోయలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు, ఒతీలియాకూ తెలుసు. మిల్లులో చోటు మనిషిది కాదు, ఇంటిది. తండ్రి దిగితే కొడుకు ఎక్కుతాడు. కార్మికుల సంఘం ఒప్పుకుంటుంది, యాజమాన్యం ఒప్పుకుంటుంది, నంబరు మాత్రం మారదు. నాలుగేళ్ళ కిందట, దుమ్ము లాగే కొత్త యంత్రం పెట్టకముందు, మొదటి విడత కొలిచారు. అప్పుడు ఊదించినావిడ తర్వాత మొంతెర్రే పట్నం వెళ్ళిపోయింది. రెండో విడత కాగితాల మీద నంబరూ వయసూ ఎత్తూ పాతవాటిలోంచి కంప్యూటరే అచ్చేసి ఇచ్చింది. వయసుతో సహా పాత అంకెలేవీ కొలిచేవాళ్ళ కంటపడకూడదని ఆ భాగం మడిచి అంటించేశారు. ఎవరి గుట్టూ బయటపడకూడదని పేర్లు అడగొద్దన్నారు. నియమాలన్నీ మంచివే. ఆ మంచి నియమాలన్నీ కలిసి, తండ్రుల స్థానంలో కొడుకుల్ని కూర్చోబెట్టి, నాలుగేళ్ళలో మనుషుల ఊపిరితిత్తులు పడుచువైపు నడిచాయని రాయించాయి.

ఓడరేవుల్లో బస్తాలు లెక్కించేవాళ్ళనూ, గనుల దగ్గర బళ్ళు లెక్కించేవాళ్ళనూ, మశూచి ఊళ్ళలో సమాధులు లెక్కించేవాళ్ళనూ చూసినవాళ్ళు ఒక మాట ఒప్పుకుంటారు. తప్పు కూడికలో ఉండదు. కూడిక పిల్లలకు కూడా వస్తుంది. దేన్ని 'ఒకటి' అనుకున్నామో అక్కడ ఉంటుంది తప్పు. పన్నుల కోసం పొయ్యిలు లెక్కపెట్టించిన రాజులున్నారు. జనం రెండిళ్ళకు ఒక పొయ్యి పెట్టుకుని హాయిగా వండుకున్నారు.

ఒతీలియా పనిచేసే చోటును కాగితాల మీద పరిశ్రమకూ ఆరోగ్యానికీ గణాంక పద్ధతులు అన్వయించే పరిశోధన కేంద్రం అంటారు. ప్వేబ్లాలో ఒక పాత కాన్వెంటు పైఅంతస్తు. వీధిలో వాళ్ళకు అది లెక్కలిల్లు. గాజు ఫ్యాక్టరీలో సీసాలు ఏ గంటలో ఎక్కువ పగులుతాయో, కొత్త కట్టు కడితే కాలిన గాయం ఎన్ని రోజులు ముందు మానుతుందో అక్కడ తేలుస్తారు. ఒతీలియా అంతకుముందు ఆసుపత్రి వార్డులో ఆయా. ఊపిరి ఆడని వాళ్ళను తిట్టీ బతిమాలీ ఊదించగలదని తెలిసి తీసుకున్నారు. అది మాటలు చెప్పినంత తేలిక కాదు. మనిషి తన ఛాతీలో ఉన్నదంతా పరాయివాళ్ళ ముందు బయటపెట్టడానికి సిగ్గుపడతాడు. కొంత దాచుకుంటాడు. ఆ దాచుకున్నది లాగడమే ఆవిడ విద్య. ఒకణ్ణి అత్తగారి మొహం తలుచుకుని ఊదమంటుంది, ఇంకొకణ్ణి రిఫరీ మొహం.

ఆ రోజు ఆవిడ పోవలసింది పైఊరికి, కట్టెపొయ్యిల ముందు వండే ఆడవాళ్ళ ఊపిరి కొలవడానికి. దోన్ ఎపిఫానియో దిగిన చోటే దిగిపోయింది.

వచ్చే శుక్రవారం కేంద్రం హాల్లో మిల్లు నివేదిక చదవాలి. కొత్త యంత్రం వచ్చాక సగటున పావు లీటరు ఊపిరి పెరిగింది అన్నది అందులో మాట. దాన్ని చూపించి, దూది దుమ్ము జబ్బును తమ మిల్లు జబ్బుల జాబితాలోంచి కొట్టేయమని యాజమాన్యం సర్కారు ఆరోగ్య సంఘాన్ని అడగబోతోంది. కొట్టేస్తే ఇక ఆ లోయలో ఎవరు దగ్గినా అది జలుబే.

ఎపిఫానియో భార్య దోన్యా ఇసౌరా రోటి దగ్గర గుమ్మడి గింజలు నూరుతోంది. సంగతంతా విని పొత్రం ఆపింది.

"ఊదించడానికి వీల్లేదు తల్లీ. ఈయన నంబరు దిగినప్పుడు కాగితం రాసిచ్చాడు. 'పూర్తి ఆరోగ్యంతో, ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను' అని. అది రాస్తేనే కొడుకుని తీసుకుంటారు. ఇప్పుడు నీ పెట్టెలో ఊది అబద్ధమని తేలిస్తే?"

"తేలాల్సిందే కదా దోన్యా ఇసౌరా."

"నీకేం, బస్సెక్కి పోతావు. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు. నా కొడుకు చోటు పోతే నువ్వు పెడతావా కూడు?"

"జనవరిలో ఊదించింది నేను. మీవాణ్ణి మెచ్చుకుని చప్పట్లు కొట్టింది నేను. ఆ కాగితం మీద సంతకం నాది. మీ ఆయన ఊపిరి మిల్లు తింటే, అది తిరిగొచ్చిందని రాసినదాన్ని నేను. నన్ను తిట్టండి, పడతాను. ఊదనివ్వండి."

"నువ్వు మాట్లాడవేం ముసలాడా?" అంది ఇసౌరా మొగుడివైపు తిరిగి. "దగ్గడం తప్ప ఏదీ పూర్తిగా చెయ్యవు కదా."

ఆయన బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒతీలియా పెట్టె తెరిచి, గొట్టానికి కొత్త అట్ట మూతి తొడిగింది. ముక్కుకు క్లిప్పు పెట్టింది. "లోపల ఉన్నదంతా, దోన్ ఎపిఫానియో. ఇరవై ఏడేళ్ళ మేస్త్రీలందరినీ తలుచుకోండి." ఆయన ఊదాడు. ముల్లు కదిలి, కొంచెం లేచి, పడిపోయింది. రెండోసారి. మూడోసారి అయ్యేసరికి ఆయన పెదాలు నీలం తిరిగాయి. మూడింట్లో పెద్దది ఒక లీటరూ నాలుగు వందలు.

పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన గౌదెన్సియో గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, జుట్టులో ఇంకా దూది పోగులున్నాయి.

"నాన్నా, ఎవరు చెప్పారు నీకు ఊదమని?" తర్వాత ఒతీలియావైపు తిరిగాడు. "నాది ఎంతన్నారు ఆవేళ?"

"నాలుగూ ఆరు వందలు."

"మా నాన్నది నా వయసులో?"

"ఎవరూ కొలవలేదు. నీ అంతే ఉండి ఉంటుంది."

అతను కాసేపు ముల్లువైపు చూశాడు. "అంటే నాది ఎప్పటికి ఇంత అవుతుంది?"

"అది చెప్పడానికే మా ఆఫీసు ఉన్నది. ఇప్పుడు మాత్రం మీ నాన్నది చెరిపి నీది రాసి, ఎప్పటికీ అవదని చెబుతోంది."

ఇసౌరా పొత్రం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "నంబరు దింపినవాళ్ళు కావాలి నీకు, అంతేగా. ఈ వీధిలో నలుగురు. చర్చి వెనక ముగ్గురు. బేకరీ పక్కన కుంటివాడొకడు, వాడు ఊదడు, మొండివెధవ, వాళ్ళావిణ్ణి అడుగు." పేరుకొక వేలు చొప్పున రెండు చేతులూ మూడుసార్లు నిండాయి, పైన ఇంకొక వేలు మడిచింది. ముప్పై ఒక్క మంది.

ఒతీలియా నాలుగు రోజులు లోయలో తిరిగింది. కేంద్రానికి ఫోను చేసి కడుపునొప్పి అంది. వాళ్ళ ఇళ్ళలో అటోలె అనే మొక్కజొన్న జావ తాగింది, తిట్లు తిన్నది, కుక్క ఒకటి పిక్క పట్టింది. కుంటివాడు ఊదాడు, పైగా నాలుగోసారి కూడా ఊదుతానని పేచీ పెట్టాడు. ఇరవై ఆరుగురు ఊదారు. ఇద్దరు తలుపు తియ్యలేదు. ముగ్గురికి ఊదే అవసరం తీరిపోయింది. వాళ్ళ భార్యలు తేదీలు చెప్పారు.

గురువారం పొద్దున డాక్టర్ లెయాంద్రో ఉర్రూతియా ముందు ఆ కాగితాలు పెట్టింది. కేంద్రానికి డైరెక్టరు ఆయన. చెడ్డవాడు కాదు. కేంద్రానికి కప్పు కారకుండా, జీతాలు ఆగకుండా పన్నెండేళ్ళు నెట్టుకొచ్చినవాడు. అలాంటివాళ్ళకు సగం నిజాలు సర్దుకోవడం అలవాటవుతుంది. చెప్పులో రాయి కాలికి అలవాటైనట్టు.

"కడుపునొప్పి తగ్గిందా ఒతీ?" అన్నాడు కాగితాలు తిరగేస్తూ.

"మీకు మొదలవుతుంది డాక్టర్."

ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీశాడు. "నువ్వు ఊదించే మనిషివి. పదకొండేళ్ళుగా బ్రహ్మాండంగా ఊదిస్తున్నావు. లెక్క చెప్పే పని మాది."

"చెప్పండి మరి. ఊపిరితిత్తి వెనక్కి నడుస్తుందా?"

"నూట ఎనభైలో ముప్పై ఒకటి. సగటు మరీ అంత మారదు."

పక్క బల్ల దగ్గర ఎల్వియా పెరాల్తా తల ఎత్తలేదు. నివేదికలో లెక్కలన్నీ కట్టింది ఆవిడే. నలభై దాటిన మనిషి, ఏ మాటైనా ముందు తూచి తర్వాత పలుకుతుంది. "మారుతుంది డాక్టర్," అంది. "ఇప్పుడే కట్టి చూశాను. పావు లీటరు మొత్తం కొడుకులదే. వాళ్ళను తీసేస్తే మిగిలినవాళ్ళకు వయసు తగ్గించేదే తగ్గింది. యంత్రం బాగుచేసిందీ లేదు, పాడుచేసిందీ లేదు. తండ్రుల్ని కలిపితే గీత కిందికి పోతుంది."

ఉర్రూతియా కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "రేపు మిల్లువాళ్ళు వస్తున్నారు. రేపటికి ఉన్నది చదువుదాం. ఇది అనుబంధంలో పెడదాం. నెల రోజుల్లో."

"అనుబంధం ఎవరు చదువుతారు?"

"ఒతీ, ఆ పెద్దమనుషులు ఆరోగ్యంగా ఉన్నామని వాళ్ళంతట వాళ్ళే సంతకం చేశారు. నేనేం చెయ్యను?"

"మీరేం చెయ్యొద్దు. నా కాగితాలు నాకివ్వండి."

ఆ లెక్కలింట్లో కాగితం దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. ఉర్రూతియాయే చేతిపుస్తకంలో రాశాడు, కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చేతా వల్లె వేయిస్తాడు. చెరపకూడదు, తెల్లసిరా పూయకూడదు. తప్పు చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టాలి. పక్కన నిజం రాయాలి. కింద తేదీ, సంతకం. ఆ పని చేసే హక్కు మొదట కొలిచిన మనిషిది. ఇంకెవరూ, డైరెక్టరు కూడా, ఆ కాగితం మీద చెయ్యి వేయకూడదు.

ఒతీలియా జనవరిలో తాను సంతకం చేసిన ఆ ముప్పై ఒక్క కాగితాలూ బీరువాలోంచి తీయించుకుంది. ఆఫీసు మధ్యలో అందరూ కాఫీ తాగే పెద్ద బల్ల ముందు కూర్చుంది. స్కేలు పెట్టి మొదటి కాగితం మీద ఒక గీత కొట్టింది. పక్కన రాసింది: 'ఊదినది కొడుకు, వయసు 24. తండ్రి ఇంట్లో ఉన్నాడు, 1.40. పొరపాటు నాది.' సంతకం. రెండో కాగితం. మూడోది. జనం కాఫీకి వచ్చారు, కప్పులు పట్టుకుని నిలబడ్డారు, చప్పుడు చేయకుండా తాగి వెళ్ళారు. ఉర్రూతియా రెండుసార్లు తన గది తలుపు దాకా వచ్చాడు. రెండోసారి, "ఇన్నిసార్లు పొరపాటు నాదని రాస్తున్నావు. డిసెంబరులో నీ కాంట్రాక్టు చూసేవాళ్ళు ఇవే చదువుతారు," అన్నాడు.

"చదవనివ్వండి. నా రాత గుండ్రంగా ఉంటుంది."

చనిపోయిన ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగింది. ఆ కాగితం మీద 'కొలవబడలేదు' అని రాయడానికి గడి ఉంది, తలుపు తియ్యని ఇద్దరికీ అది సరిపోయింది, చావుకు గడి లేదు. ఎల్వియా వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఆ గడివైపు చూశారు. "అంకె దగ్గరే రాయి," అంది ఎల్వియా. "సున్నా వేస్తే సగటులో కలుస్తుంది. తేదీ వెయ్యి. దాన్ని ఏ యంత్రమూ కూడలేదు. మనిషి చదవాల్సిందే." ఒతీలియా మూడు తేదీలు వేసింది.

శుక్రవారం పదకొండు గంటలకు హాలు నిండింది. మిల్లు తరఫున వచ్చిన లాయరు బర్రాగాన్ ముందు వరసలో కూర్చున్నాడు. ఊదించేవాళ్ళూ టైపు చేసేవాళ్ళూ ఎప్పటిలాగే వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒప్పందం ప్రకారం నివేదికతో పాటు చేతిరాత కాగితాలన్నీ కట్టగట్టి బల్ల మీద పెట్టారు. అవి అట్నుంచటే ఆరోగ్య సంఘానికి పోవాలి. ఉర్రూతియా లేచాడు. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకదాంట్లో పావు లీటరు ఉంది. రెండోదాన్ని ఎల్వియా పొద్దున టైపు చేసి ఇచ్చింది. పావు లీటరు చదివితే, కట్ట విప్పిన మొదటివాడికే చదివినదీ రాసినదీ పొసగవని తెలిసిపోతుంది. ఆయన కట్టవైపు చూశాడు, గోడవైపు చూశాడు. రెండో కాగితం చదివాడు.

చదవడం అయ్యేసరికి బర్రాగాన్ మెడ ఎర్రబడింది. "డాక్టర్, ఆ ముప్పై ఒక్క మందీ పూర్తి ఆరోగ్యంతో వెళ్ళామని రాసిచ్చారు. అందరి కాగితాలూ నా దగ్గరున్నాయి. మీవాళ్ళు ఇళ్ళమ్మట తిరిగి ముసలాళ్ళ దగ్గుని కొలుచుకొస్తే అది శాస్త్రమా, చాడీలా?"

ఉర్రూతియా నోరు తెరిచేలోపు వెనకనుంచి సంత గొంతు వినిపించింది.

"పట్టుకురండి సార్. అందులో ముగ్గురు చనిపోయారు. ఆరోగ్యంగా ఉన్నామని వాళ్ళూ రాసిచ్చారు. వాళ్ళు రాసిన తేదీ, పోయిన తేదీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకాయనకి మధ్యలో పదకొండు వారాలు."

"ఎవరీవిడ?"

"తప్పు చేసిందాన్ని," అంది ఒతీలియా. "ముప్పై ఒక్కసార్లు సంతకం పెట్టి ఒప్పుకున్నాను. మీ దగ్గరున్న కాగితాల మీద ఎవరు ఒప్పుకున్నారో చూడండి."

హాలంతా ఒక్కసారి మాట్లాడసాగింది. బర్రాగాన్ వచ్చే ఏటి ఒప్పందం గురించి ఏదో అంటున్నాడు. ఎల్వియా లేచి గీత ఎలా కిందికి పోయిందో బోర్డు మీద వేస్తోంది. ఎవరూ అడగకుండానే వేస్తోంది. ఉర్రూతియా రెండు చేతులూ ఎత్తి అందరినీ కూర్చోమంటున్నాడు. అంత గొడవలోనూ ఆయన గొంతు స్థిరంగానే ఉంది. "కట్ట వెళ్తుంది. ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఒతీ, నువ్వు ఇక్కడికి రా, వాళ్ళకు నువ్వే చెప్పాలి."

ఆ దేశంలో పదిమంది ఉన్న గదిలోంచి వెళ్ళాలంటే పదిమందికీ చెయ్యి కలపాలి, ఆడవాళ్ళ బుగ్గ తాకాలి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని మళ్ళీ అడగాలి. చావు ఇంటినుంచి కూడా అలా చెప్పకుండా లేవరు. చెప్పకుండా లేచినవాళ్ళను ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

ఉర్రూతియా ఇంకా చెయ్యి చాపి పిలుస్తూనే ఉన్నాడు. తలుపు తియ్యని ఇద్దరి చిరునామాలు రాసుకున్న చీటీ ఒతీలియా రవిక జేబులో పెట్టుకుంది. శాలువా భుజాల మీదికి లాక్కుంది. ఎవరి చెయ్యీ అందుకోకుండా, ఎవరి మొహమూ చూడకుండా రాతిమెట్లు దిగి, ఎండలోకి నడిచి, లోయ బస్సు వైపు వెళ్ళిపోయింది.